టెంకాయ ఎందుకు లేచినట్టు?

ఏప్రిల్ రెండో వారానికల్లా అమ్మాయిల హాస్టల్లో నీళ్లకు టైంటేబుల్ పడింది. పొద్దున ఐదు నుంచి ఆరున్నర దాకా, సాయంత్రం ఒక గంట. మధ్యలో కుళాయి తిప్పితే గుర్రుమని గాలి తప్ప చుక్క వచ్చేది కాదు. ఉన్న మూడు బోర్లలో రెండు ఎండిపోయాయి. రోజూ ఆత్మకూరు వైపు నుంచి ఆరు ట్యాంకర్లు వచ్చి సంపులో పోసి పోతున్నాయి. ఉదయగిరి కొండ కనపడేంత దూరంలో, మెట్టపొలాల మధ్య కట్టిన ప్రైవేటు యూనివర్సిటీ అది. అద్దాల బిల్డింగులు, జిమ్ము, ఫుడ్ కోర్టు అన్నీ ఉన్నాయి గానీ, తలంటుకోవాలంటే మాత్రం ముందురోజే బకెట్ పట్టి మంచం కింద దాచుకోవాల్సిందే.

అనురాధ అక్కడ సివిల్ ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతోంది. జలదంకి దగ్గర పల్లె. వాళ్ల నాయన వరప్రసాదం హైస్కూల్లో లెక్కల అయ్యవారు. ఏ సంగతైనా సరే, ఎట్లా జరిగిందో తేలకపోతే ఆ పిల్లకు అన్నం సహించదు.

ఒక శనివారం పొద్దున మేడ మీద బట్టలు ఆరేస్తుంటే, హాస్టల్ వెనక బీడులో ఒక ముసలాయన కనపడ్డాడు. చెప్పులు ఒక పక్క విడిచి, కుడి అరచెయ్యి ముందుకు చాపి, దాని మీద టెంకాయ పడుకోబెట్టుకుని మెల్లగా నడుస్తున్నాడు. యూనివర్సిటీ ఎస్టేట్ ఆఫీసర్ సుధీర్ ముగ్గు డబ్బా పట్టుకుని ఆయన వెనకే పోతున్నాడు. ఉన్నట్టుండి, పడుకుని ఉన్న టెంకాయ ఎవరో లేపినట్టు నిట్టనిలువుగా లేచి నిలబడింది. ముసలాయన ఆగాడు. సుధీర్ అక్కడ ముగ్గు పోశాడు.

అనురాధ చేతిలో తడి చున్నీ అట్లాగే పట్టుకుని మెట్లు దిగి పరిగెత్తింది.

"యాడికిమే, మెస్సులో దోశలు అయిపోతాయి!" అంటూనే రూమ్మేట్ అశ్విత కూడా వెనకాలే వచ్చింది.

"తాతా, టెంకాయ ఎందుకు లేచింది?"

"కింద నీళ్లుంటే లేస్తాదమ్మా. పోండి, క్లాసు లేదా మీకు?" అన్నాడు సుధీర్.

ముసలాయన మాత్రం అనురాధ వైపు తిరిగి నిదానంగా చెప్పినాడు. "ఎందుకు లేస్తాదో నాకేం తెలుసు పాపా? మా నాయన చేతిలో లేచేది. నా చేతిలో లేస్తాది. నా కొడుకు చేతిలో లేవదు. ఓ పాజిటివ్ రక్తం ఉన్నోళ్లకే లేస్తాదంటారు. నిజమో కాదో."

ఆయన పేరు గురుస్వామి. కొండ కింద పల్లె. నలభై ఏళ్లుగా చుట్టుపక్కల బోరు వేయాలంటే పాయింట్ పెట్టేది ఆయనే. గొప్పలు చెప్పుకుంటాడేమో, దేవుడి పేరు ఎత్తుతాడేమో అనుకున్న అనురాధకు ఆ "నాకేం తెలుసు" అన్న మాట పట్టుకుంది.

"తెలుసుకోవాలని అనిపించలా?"

"అనిపించకుండా ఉంటాదా? ఎవుర్ని అడిగేది? నమ్మేవోడిని అడిగితే మహిమ అంటాడు. నమ్మనోడిని అడిగితే దొంగ అంటాడు. ఇద్దురూ నా చెయ్యి సరిగ్గా చూసిన పాపాన పోలా."

సోమవారం అనురాధ సర్వే ల్యాబ్‌కు పోయి రామనారాయణ సార్‌కు అంతా చెప్పింది. ఆయన నవ్వుతాడనుకుంది. నవ్వలేదు.

"అబద్ధమని ముందే తేల్చుకుని పోవద్దు. నిజమనీ తేల్చుకోవద్దు. కొలువు," అని టేపు, తాడు, పాతే మేకులు ఇచ్చాడు. "బోరు బండి రావడానికి ఇంకా పది రోజులుంది. ఆయన ఒప్పుకుంటాడా?"

ఆయన ఫోన్లోనే ఒప్పుకున్నాడు. బుధవారం సాయంత్రం టీవీఎస్ బండి మీద, సంచిలో టెంకాయ పెట్టుకుని వచ్చినాడు కూడా.

బీడులో పాత ముగ్గు చెరిపేసి వంద మీటర్ల తాడు కట్టారు. మొదట కళ్లు తెరిచి నడవమన్నారు. నాలుగుసార్లు నడిచాడు. నాలుగుసార్లూ నలభై రెండో మీటరు దగ్గరే, ఒక అడుగు అటూ ఇటూగా టెంకాయ లేచింది. అశ్విత నోరు తెరిచింది.

తర్వాత తుండుగుడ్డతో కళ్లకు గంతలు కట్టారు. అడుగులు లెక్కపెట్టుకునే వీలు లేకుండా అనురాధ ఆయన మోచెయ్యి పట్టుకుని ప్రతిసారీ వేరే చోటు నుంచి నడిపించింది. టెంకాయ లేచిన చోటల్లా అశ్విత మేకు పాతింది. ఒకసారి పదిహేడు దగ్గర లేచింది. ఒకసారి అరవై మూడు దగ్గర. ఒకసారి ఎనిమిది దగ్గరే లేచి, మళ్లీ ఎనభై దగ్గర లేచింది. ఒకసారి అసలు లేవనే లేదు. పదిసార్లు నడిస్తే నలభై రెండు దరిదాపుల్లో లేచింది ఒక్కసారే.

గురుస్వామే గంతలు విప్పుకున్నాడు. గాలికి రాలిన పిందెల్లాగా తాడు పొడుగునా చెదిరి ఉన్న మేకుల్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు. తర్వాత నేల మీద కూర్చుండిపోయాడు.

"అయితే చెయ్యి కాదన్నమాట," అన్నాడు.

అనురాధ ఆయన పక్కనున్న టెంకాయ తీసుకుంది. ఆమె రక్తం బి నెగటివ్. హాస్టల్ పక్కనున్న సిమెంటు షటిల్ కోర్టులోకి పోయి, ఆయన పట్టినట్టే అరచేతిలో పడుకోబెట్టుకుని నడిచింది. రెండు రౌండ్లు ఏం కాలేదు. మూడో రౌండులో, నెట్ దగ్గరకు వస్తుంటే, ఇక్కడ లేస్తే ఎట్లా ఉంటుందో అనుకుంది. అంతే, చేతిలో బరువు మారినట్టయింది. టెంకాయ లేచి నిలబడింది. వెనకాలే వచ్చి కోర్టు అంచున నిలబడ్డ గురుస్వామి వైపు గిరుక్కున తిరిగింది.

"నేనేం చెయ్యలా తాతా! ఒట్టు, నేను కదిలించలా!"

"నేను మాత్రం ఎప్పుడు కదిలించినా పాపా?" అన్నాడు గురుస్వామి. ఆ సాయంత్రం మొదటిసారి ఆయన మొహంలో కాస్త వెలుగు వచ్చింది.

మనసు ఎక్కడ ఆశ పడితే అక్కడ చెయ్యి మనకే తెలియకుండా వెంట్రుకవాసి కదులుతుందని, మోసం అక్కర్లేకుండానే టెంకాయ లేస్తుందని మర్నాడు రామనారాయణ సార్ చెప్పాడు. అశ్వితకు అంతటితో కథ అయిపోయింది. అనురాధకు మాత్రం అప్పుడే మొదలైంది. మనసు ఆశపడితే లేస్తుంది, సరే. ఆయన మనసు ప్రతిసారీ నలభై రెండు దగ్గరే ఎందుకు ఆశపడింది?

శుక్రవారం ఆయన్ను మళ్లీ పిలిపించి అడిగింది. "తాతా, ఈసారి టెంకాయ వద్దు. ఊరికే నడువు. బోరు నీదే అయితే యాడ వేసుకుంటావో ఆడికి పో. నేను వెనకాలే వస్తా."

గురుస్వామి బీడంతా నడవడం మొదలుపెట్టాడు. కొంత దూరం తిన్నగా పోయి ఎడమకు తిరిగాడు.

"ఎందుకు తిరిగినావు?"

"ఊరికే."

అనురాధ ఆగి నేల చూసింది. ఆయన తిరిగిన చోట ఎర్రమట్టిలోంచి తెల్లటి పలుగురాళ్లు తాడు పరిచినట్టు ఒకే వరసలో తేలి ఉన్నాయి. ఆయన కాళ్లు ఆ వరస పట్టుకునే పోతున్నాయి. ఇంకొంచెం దూరంలో మళ్లీ వంగాడు. అక్కడ, అంత ఎండలోనూ గరిక పచ్చగా ఉంది. పుట్ట దగ్గరికి వచ్చేసరికి ఆయన నడక దానంతట అదే నెమ్మదించింది.

"ఊరికే కాదు తాతా, వెనక్కి తిరిగి చూడు," అని, కింద తడి ఉందని చెప్పే గుర్తులు ఆమె ఒక్కొక్కటీ చూపించింది. నలభై రెండో మీటరు దగ్గర నిలబడి చూస్తే, ఎదురుగా గుంటలో రెండు ఈతచెట్లు కనపడతాయని కూడా చూపించింది.

గురుస్వామి తన అడుగుల్ని తనే కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. "మా నాయన ఎప్పుడూ పుట్ట కాడ ఆగేవాడు పాపా. మొక్కుతా ఉండాడనుకున్నా," అన్నాడు.

ఆ పూట చివరకు ఆయన ఆగింది నలభై రెండు దగ్గర కాదు, వెనక కంచె మూలన, రాళ్ల వరస పల్లానికి అడ్డం పడే చోట. రామనారాయణ సార్ కూడా వచ్చి ఆ రాళ్ల వాలు చూసి, ఇక్కడ వేసి చూడొచ్చన్నాడు. హాస్టల్ నుంచి అంత దూరం పైపు లాగాలా అని సుధీర్ గొణిగాడు గానీ, చివరకు సరేనన్నాడు.

బోరు వేసే రోజు హాస్టల్ మేడ మీద ఇసకేస్తే రాలనంత మంది. రెండువందల అడుగుల దాకా దుమ్ము తప్ప ఏం లేదు. సుధీర్ వాచీ చూసుకుంటున్నాడు. రెండువందల అరవైలో దుమ్ము తడిసింది. మూడువందల పది దగ్గర బూడిదరంగు నీళ్లు భుస్సుమని పైకి తన్నాయి. ఆడపిల్లల కేకలకు గోడ మీది కాకులు లేచిపోయాయి. రెండంగుళాల నీళ్లు. ఆరు ట్యాంకర్లు మూడయ్యాయి.

అందరూ కేకలు పెడుతుంటే అనురాధ సుధీర్ దగ్గరికి పోయి, "సార్, నలభై రెండు కాడ కూడా ఒక బోరు వేస్తే తేడా తెలుస్తాది గదా?" అంది. ఆయన ఆమె వైపు పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. అక్కడ ఏముందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

తర్వాత గురుస్వామి జాడ లేదు. ఫోన్ మోగుతుంది, ఎత్తడు. రెండు వారాలు చూసి, అనురాధ అశ్వితను వెంటేసుకుని ఉదయగిరి బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో ఆ పల్లెకు పోయింది. ఆయన ఇంటి పంచలో కూర్చుని ఉన్నాడు.

"పాయింట్ పెట్టడం మానేసినా," అన్నాడు. "నువ్వు అడిగిన కాడ నుంచి అడుగు తెలిసి తెలిసి పడతా ఉండాది. మొన్న ఒకాయన చేనుకు పోయినా. పుట్ట ఇటు రమ్మంటాది, గరిక అటు రమ్మంటాది, రాయి ఇంకో దిక్కు చెప్తాది. ముందర కాళ్లే పోయేవి, నేను వెనక పోయేవోడిని. ఇప్పుడు కాళ్లు నన్ను అడగతా ఉండాయి. నువ్వు నా కళ్లు తెరిపించినావో, ఉన్న కళ్లు పోగొట్టినావో తెలవడంలా."

తెలుసుకోవడం వల్ల ఒకరికి నష్టం జరగొచ్చని ఆమెకు అంతవరకు తోచనే లేదు. "తప్పయిపోయింది తాతా," అంది.

"తప్పేంది? చూస్తానంటే ఒప్పుకున్నది నేనే గదా." ఆయన కాసేపు తన పాదాలకేసి చూసుకున్నాడు. "కాకపోతే సగంలో వదిలిపెట్టి పోమాక. సెలవులిస్తారంట గదా. నాతో రా. నేను నడుస్తా, నువ్వు రాసుకో. యాడ తిరిగినానో, ఏం చూసి తిరిగినానో, కింద ఏం పడిందో అంతా రాయి. అప్పుడు పుట్ట మాట వినాలో, రాయి మాట వినాలో తేలతాది."

ఆ వేసవి అంతా అనురాధ నోటుబుక్కు పట్టుకుని చేల వెంట తిరిగింది. సివిల్ చదివే పిల్ల టెంకాయ తాత వెంట తిరగడమేందని వరప్రసాదం ఫోన్లో విసుక్కున్నాడు. టెంకాయ వెంట కాదు నాయనా, కాళ్ల వెంట, అని చెప్పింది. గురుస్వామి టెంకాయను మాత్రం వదల్లేదు. అది లేకపోతే రైతు ముగ్గు కూడా పోయనివ్వడు. కాకపోతే ముందు ఉత్త చేతులతో చేనంతా తిరిగి, ఆఖర్న దాన్ని బయటికి తీసేవాడు. జూన్ ఆఖరుకు పుస్తకంలో పదకొండు పాయింట్లు చేరాయి. ఏడింటికి నీళ్లు పడ్డాయి. మూడు ఎండాయి. ఒకటి ఇంకా వేయలేదు. రామనారాయణ సార్ ఆ పుస్తకం రెండుసార్లు చదివి, "పదకొండు చాలవు. వంద కావాలి. ఎవరూ పాయింట్ పెట్టకుండా వేసిన బోర్ల లెక్క కూడా కావాలి," అన్నాడు. అనురాధ అప్పుడే మండలంలో పాత బోర్లన్నీ ఎక్కడున్నాయో రాసుకోవడం మొదలుపెట్టింది.

జూలైలో మూడో సంవత్సరం క్లాసులు మొదలైన వారానికి, సార్ బోర్డు మీద ఏదో గీస్తుండగా గుమ్మం దగ్గర అలికిడైంది. గురుస్వామి. తలకు తుండుగుడ్డ, ఒంటినిండా దుమ్ము. సెక్యూరిటీ వాళ్లను ఎట్లా దాటి వచ్చాడో ఏమో. క్లాసంతా అటు తిరిగింది.

"పాపా," అన్నాడు రొప్పుతూ. "ఆ మిగిలిన పదకొండోది ఉండాదే, ఖాయంగా పడతాదని నువ్వూ నేనూ ఇద్దురం అనుకుంటిమే, అది ఎండింది. నాలుగువందల అడుగులు, ఒట్టి దుమ్ము!"

ఆ మాట చెప్తుంటే ఆయన మొహంలో దిగులు లేదు, తొందర ఉంది.

"బోరు బండి ఇంకా ఆడనే ఉండాది. లోపల నుంచి వచ్చిన రాతిపొడి కుప్పలు కుప్పలుగా పడుండాది. ఎత్తిపారేసే లోపల రా, ఎందుకు ఎండిందో చూద్దాం."

అనురాధ సార్ వైపు చూసింది. సార్ సుద్దముక్క బల్ల మీద పెట్టి, "శాంపిళ్లకు కవర్లు ల్యాబ్‌లో ఉన్నాయి, తీసుకుపో," అన్నాడు.