మిగతా చొక్కా

మా ఫ్యాక్టరీలో నన్ను చేతులది అనేవాళ్ళు. చొక్కాలకి చేతులు కుట్టడం నా పని కాబట్టి ఆ పేరు. అమ్మానాన్నా పెట్టిన పేరు జీతం రోజున మాత్రమే వినపడేది. నా పక్క మిషను మీద కాలరక్క కూర్చునేది. చొక్కా ముందు భాగాన్నీ వెనక భాగాన్నీ కలిపి, దానికి నేనిచ్చిన చేతులు తగిలించే ఆవిడ ఒళ్ళు వదిన. మనిషి కూడా పేరుకి తగ్గట్టే ఉండేది. ఆమె వెనక జేబుల పిల్ల. ఆ పిల్లకి పెళ్ళీడుకొచ్చిన కూతురున్నా మాకు పిల్లే. అందరికీ చివర, కిటికీ పక్కన కూర్చుని కాజాలు కుట్టి గుండీలు పెట్టేది మా అత్త. ఇంట్లోనూ ఆవిడే, పనిలోనూ ఆవిడే. ఆవిడ చూపు తప్పించుకునే చోటు నాకు ఎక్కడా లేకపోయింది.

ఒక మనిషి ఒక ముక్కే కుట్టాలన్నది ఓనరు పెట్టిన పద్ధతి. అలాగైతే పని చురుగ్గా సాగుతుందని పైకి చెప్పేవాడు. అసలు సంగతి ఆయన కటింగ్ మాస్టారుతో అంటుంటే ఓసారి మా అత్త చెవిన పడింది. వీళ్ళకి మొత్తం చొక్కా కుట్టడం వస్తే రేపు నా ఎదురుగానే కొట్టు పెడతారయ్యా అన్నాడట. అందుకే ఎవరైనా పక్క మిషను వైపు తొంగి చూస్తే సూపర్‌వైజరు మీదికొచ్చి అదిలించేవాడు. పోనుపోను మేమే చూడటం మానేశాం. మా ఆయన చొక్కా కాలరు చిరిగితే నేను బజారుకి పంపించి కుట్టించేదాన్ని. చొక్కాలు కుట్టే దాని మొగుడికి ఆ గతేంటని వీధిలో నవ్వేవాళ్ళు.

ఇంతలో ఊరు పెరిగింది. అద్దాల మేడలు లేచాయి, రోడ్డు వెడల్పయింది, అభివృద్ధి అని పెద్దపెద్ద బోర్డులు పెట్టారు. కూలి ఇంకా చవగ్గా దొరికే చోటికి ఓనరు ఫ్యాక్టరీని ఎత్తుకెళ్ళిపోయాడు. కాలరక్క ఒక అద్దాల మేడలో నేల తుడిచే పనికి కుదిరింది. వదిన, జేబుల పిల్ల ఇళ్ళల్లో పాచిపనికి వెళ్ళారు. నేను హోటల్లో గిన్నెలు తోమేదాన్ని. చేతులు కుట్టిన చేతులకి సబ్బునీళ్ళు తగిలి వేళ్ళ సందులు ఒరిసిపోయాయి. ఊరు పెరిగితే మనమూ పెరుగుతామని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండేది.

అలాంటి రోజుల్లో సంస్థ సారు వచ్చాడు. కుర్రవాడే, మెత్తగా మాట్లాడతాడు. పేదరికం పోగొట్టడానికి వచ్చామని చెప్పాడు. పెద్ద రోడ్డు మీద ఒక గది, అందులో కరెంటు మిషన్లు, మొదటి సరుకుకి బట్ట, అన్నీ వాళ్ళే ఇస్తారట. కాకపోతే మా పేటకంతా కలిపి ఒక్క ఆడదానికే ఇస్తారట. ఒకరు ఎదిగితే వాళ్ళని చూసి, వాళ్ళ దగ్గర పని చేసుకుని మిగతావాళ్ళూ ఎదుగుతారని ఆయన నమ్మకం. అందరినీ పిలిచి మాట్లాడించి చివరికి నన్ను ఎంచుకున్నాడు. నాకు బెరుకు లేదట.

చొక్కా కుట్టడం వచ్చు కదా అని అడిగితే వచ్చన్నాను. అబద్ధమాడానని అప్పుడు నాకు తోచనే లేదు. ఇన్నేళ్ళూ మా చేతుల మీదుగా చొక్కాలే కదా బయటికి వెళ్ళింది.

మా అత్తకి ఈ వార్త చెబితే, నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గానీ నీ నోటికి కూడా గది వచ్చిందంటే లోకం పాడైపోయినట్టే అంది. లోపల మాత్రం సంతోషించింది. ఆ పూట నన్ను ఒక్క మాట కూడా సాధించలేదు.

నాకు ఆ గది కావాలి. దాపరికం ఎందుకు, చచ్చేంత కావాలి. రోడ్డు వైపు పెద్ద కిటికీ, తలుపుకి కొత్త రంగు, మిషన్ల మీద ఇంకా ప్లాస్టిక్ కవర్లు. నేను నడుం మీద చెయ్యి పెట్టుకుని కాలరక్కని తొందరపెడుతున్నట్టు ఊహించుకున్నాను కూడా. ఆ ఊహ బాగానే ఉంది, ఎవరికి ఉండదు. హోటల్లో గిన్నెల ముందు కూర్చుని అదే తలుచుకుంటుంటే మసిగిన్నెలు కూడా తేలిగ్గా తోమినట్టుండేది.

ప్రారంభం రోజున పైనుంచి ఒక పెద్దాయన వస్తాడని, అందరి ముందూ నేను చొక్కా కుడితే అక్కడికక్కడే తొడుక్కుని ఫోటో దిగుతాడని సారు చెప్పాడు. ఆయన కొలతలకి కత్తిరించిన గుడ్డముక్కలు తెచ్చిచ్చి, అలవాటు చేసుకోమని గది తాళంచెవి కూడా ఇచ్చాడు. మా అత్తని వెంటబెట్టుకుని వెళ్ళాను. చేతులు కళ్ళు మూసుకుని కుట్టేశాను. కాలరు దగ్గర మిషను ఆగిపోయింది. మిషను బాగానే ఉంది, ఆగింది నేను. కాలరు బిర్రుగా నిలబడ్డానికి వేసే బక్రం గుడ్డ లోపల పెట్టాలో బయట పెట్టాలో తెలియదు. ఏది ముందు మడవాలో తెలియదు. తిప్పలుపడి ఏదో కుడితే అది కుక్క చెవిలా వేలాడింది.

మా అత్త దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి చూసి, ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కినట్టుంది నీ యవ్వారం అంది. తనూ ఒక కాలరు పట్టుకుని చూసింది. ఆవిడకీ చేతకాలేదు. ఆ కొత్త మిషన్ల మధ్య అత్తాకోడళ్ళం ఇద్దరం తేలు కుట్టిన దొంగల్లా కూర్చున్నాం.

మర్నాడు కాలరక్క ఇంటికి వెళ్ళాను. వాకిట్లో బట్టలు ఆరేస్తోంది. పక్కింటామె చూడకుండా మెల్లగా విషయం చెప్పి, కాలరు నేర్పమని అడిగాను. ఆమె చేతిలో దుప్పటి పిండుతూనే ఉంది, పిండడానికి అందులో నీళ్ళు లేకపోయినా.

“నేర్పుతానే, దానికేముంది,” అంది. “ఆ ఓనరు మనకి తలా ఒక ముక్క నేర్పి బయటికి తోశాడు. నాకున్నది ఆ ఒక్క ముక్కే. అది కూడా నీకిచ్చేస్తే ఇక నాతో నీకేం పని? రోజుకూలికి పిలుస్తావా, పిలవవా?”

నేను కూడా తక్కువ తినలేదు. ఓర్వలేనితనమని అన్నాను, అందని ద్రాక్ష పుల్లన అన్నాను, నిన్ను అడగడమే నా బుద్ధి తక్కువని చెప్పి విసవిసా వచ్చేశాను. సగం దారి వచ్చేసరికి ఆ కోపం ఆమె మీద కాదని తెలిసింది. ఆమె అన్న ప్రతి మాటా నిజం. నిన్నటిదాకా ఓనరు కూర్చున్న కుర్చీలో సారు నన్ను కూర్చోబెడుతున్నాడు. అదే కుర్చీ, అదే పద్ధతి. నేను కూర్చుంటే దానికి అభివృద్ధి అని పేరు, అంతే తేడా.

ఇంటికి పోకుండా నేరుగా సంస్థ ఆఫీసుకి వెళ్ళి, గది మా అయిదుగురికీ కలిపి ఇమ్మని అడిగాను. సారు ఓపిగ్గానే విన్నాడు. నలుగురిదీ అంటే ఎవరిదీ కాకుండా పోతుందమ్మా, మేం చాలా చోట్ల చూశాం, వాళ్ళకి నువ్వు కూలివ్వు, అదే వాళ్ళకి మేలు అన్నాడు. ప్రారంభానికి చోటు ఇరుగ్గా ఉంటుంది కాబట్టి నువ్వొక్కదానివే రా అని కూడా చెప్పాడు. ఆ మెత్తని గొంతు వింటుంటే ఓనరు అరుపులే నయమనిపించింది. అరిచేవాడి మీద కనీసం తిరిగి అరవచ్చు.

ఇంటికొచ్చి మా అత్తతో, రేపు ప్రారంభం వేళకి కాలరక్కనీ వదిననీ జేబుల పిల్లనీ అక్కడి గేటు దగ్గరికి తీసుకురమ్మని చెప్పాను. ఎందుకని అడగలేదు. పెళ్ళై వచ్చిన దగ్గర్నుంచి నేను చెప్పిన మాటకి ఎదురు ప్రశ్న వెయ్యకపోవడం ఇదే మొదలు. “గది పోతేనో?” అని మాత్రం అంది.

“మళ్ళీ గిన్నెలు తోముకుంటాను,” అన్నాను.

“తోముకుందాంలే,” అంది.

ప్రారంభం పొద్దున గది ముందు షామియానా వేశారు. కుర్చీల్లో సంస్థవాళ్ళు, అద్దాల మేడలవాళ్ళు కూర్చున్నారు. కెమెరాలు పట్టుకుని కొందరు. గేటు దగ్గర కాపలా మనిషి పిలుపున్నవాళ్ళనే లోపలికి పంపుతున్నాడు. ఊచల బయట మావాళ్ళు నలుగురూ నిలబడ్డారు. కాలరక్క నా వైపు చూడటం లేదు. అయినా వచ్చింది, నాకు అది చాలు.

సారు మైకులో నా గురించి చెప్పాడు. నిన్నటిదాకా గిన్నెలు తోమిన మనిషి ఈరోజు ఎవరి సాయం లేకుండా తన కాళ్ళ మీద తను నిలబడుతోందన్నాడు. చప్పట్లు కొట్టారు. షామియానా కిందికి తెచ్చిపెట్టిన మిషను దగ్గర నన్ను కూర్చోబెట్టారు. పెద్దాయన కోటు విప్పి కుర్చీకి తగిలించి, కొత్త చొక్కా కోసం సిద్ధంగా కూర్చున్నాడు.

నేను చేతులు కుట్టాను. తొందరపడలేదు. అంచు మడిచి, కఫ్ వేసి, దారం తెంపి, ఒకదాని మీద ఒకటి పెట్టి మడత సరిచేశాను. ఇంతకంటే మంచి చేతులు నా బతుకులో కుట్టలేదు. లేచి తీసుకెళ్ళి పెద్దాయన ఒళ్ళో పెట్టాను.

ఆయన వాటిని అటూ ఇటూ తిప్పి చూశాడు. కింద ఇంకేమైనా ఉందేమోనని ఎత్తి చూశాడు. చొక్కా ఏదమ్మా అని అడిగాడు.

“మిగతా చొక్కా గేటు బయట నిలబడి ఉందండి,” అన్నాను. “లోపలికి రానిస్తే కుట్టేస్తాం.”

ముందు వరసలో ఒకరిద్దరు నవ్వారు. పెద్దాయన నవ్వలేదు. సారు గబగబా నా పక్కకొచ్చి, ఇలా పరువు తీస్తే గది పక్క వీధిలో ఇంకొకరికి ఇచ్చేస్తామని గొంతు తగ్గించి చెప్పాడు. గొంతు తగ్గించడం నాకు ఎప్పుడూ చేతకాలేదు. అందరికీ వినపడేట్టే జవాబిచ్చాను.

“ఇచ్చుకోండి సార్. పక్క వీధిలో ఉన్నది కూడా ఆ ఫ్యాక్టరీవాళ్ళే. అక్కడ మీకు ఇంకో కాలరు దొరుకుతుంది, ఇంకో జేబు దొరుకుతుంది. మొత్తం చొక్కా మాత్రం ఈ పేటంతా గాలించినా దొరకదు. మమ్మల్ని ముక్కలు చేసి పోయారు. మీరొచ్చి అందులో ఒక ముక్కని ఏరుకుని, పేదరికం పోయిందంటున్నారు.”

ఆ గది కిటికీ ఎదురుగా కనబడుతుంటే, నోటిదాకా వచ్చిన కూడు చేజేతులా పారబోసుకున్నానని తెలుస్తూనే ఉంది. అయినా చెప్పిన మాట వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

పెద్దాయన తన కోటు వైపు చూశాడు, కెమెరాల వైపు చూశాడు, ఒళ్ళో ఉన్న చేతుల వైపు చూశాడు. గేటు తియ్యమన్నాడు. జాలిపడి అన్నాడని నేను అనుకోను. ఒట్టి చేతులు తొడుక్కుని ఫోటో దిగడం ఎవరికీ బాగుండదు.

మావాళ్ళు లోపలికొచ్చారు. వదిన నడుస్తుంటే కుర్చీలవాళ్ళు కాళ్ళు ముడుచుకుని దారిచ్చారు. కాలరక్క వస్తూనే పెద్దాయన ఒళ్ళోంచి చేతులు తీసుకుని వెలుగులో పెట్టి చూసి, ఎడమది ఓ నూలుపోగు పొడుగైందే అంది. మళ్ళీ ఫ్యాక్టరీలో లాగే ఆమె నాతో మాట్లాడేసరికి నాకు ఏడుపొచ్చింది. అందరి ముందూ ఏడ్చాను కూడా. తర్వాత ఎవరి ముక్క వాళ్ళు అందుకున్నారు. వదిన ఒళ్ళు కలిపింది, పిల్ల జేబు పెట్టింది, కాలరక్క మెడ దగ్గరికొచ్చింది, చివర్న మా అత్త కాజాలు వేసి గుండీలు కుట్టింది. పెద్దాయన తొడుక్కున్నాడు. బాగానే కుదిరింది, పొట్ట దగ్గర కాస్త బిగిసింది గానీ ఆ తప్పు మాది కాదు.

జనం వెళ్ళిపోయాక సారు తాళంచెవి చేత్తో తిప్పుతూ వచ్చాడు. పెద్దాయన ఒప్పుకున్నాడు కాబట్టి గది మీదేనని, కాకపోతే బోర్డు మీద యజమానిగా ఒక పేరు ఉండాలని అన్నాడు.

“రాస్తే అందరివీ రాయండి,” అన్నాను. “బోర్డు చాలకపోతే పెద్దది చేయించండి. తాళంచెవి మా అత్తకివ్వండి, మా అందరికంటే ముందు లేచేది ఆవిడే. కూలి మాట మాత్రం ఇంకోసారి ఎత్తకండి.”

ఆయన తాళంచెవి మా అత్త చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని కొంగుకి ముడేసుకుని, తలుపు రంగు ఏం బాగాలేదని సారుకే చెప్పడం మొదలుపెట్టింది. కాలరక్క ఇంకో గుడ్డముక్క తీసి, బక్రం పరిచి, తన కుర్చీని నా వైపు జరుపుకుంది.

“ఇటు చూడు,” అంది.

నేను పక్క మిషను మీదికి వంగి చూశాను. అదిలించేవాడు ఎవడూ లేడు.