జవాద్ జానతో పన్నెండు

మొరాకోలోని ఫెజ్ పాత ఊళ్ళో, అల్లాల్ మేస్త్రి రంగు పలకల పనిలో టేపు కనబడదు. అది వడ్రంగులకని ఆయన నమ్మకం. ఇక్కడ జానే కొలత.

ఆయన కోడలై పంతొమ్మిది రోజులైన ఇల్హామ్‌కి ఇది కూడా ముద్దుగానే తోచింది. ఈ మధ్య ఆమెకు ముద్దుగా తోచనిదేముంది! గణితంలో డిగ్రీ ఉంది, లెక్కల పని నాకివ్వండని మామగారిని అడిగింది. ఈ ఒక్క తొట్టికి చూద్దాం, తప్పితే మళ్ళీ ఆ మాట ఎత్తకూడదన్నాడాయన.

నీళ్ళ తొట్టి గోడలోంచి విల్లులా వంపు తిరిగి పొడుచుకొచ్చింది. దాని అంచు చుట్టూ పలకల పట్టీ వెయ్యాలి. వంపు గియ్యాలంటే వ్యాసార్ధం కావాలి, కేంద్రమేమో గోడ లోపల ఇరుక్కుంది.

ఇల్హామ్ తొట్టికి ఎదురుగా మేకు పెట్టించి, అక్కడినుంచి అంచును ఒక్కచోట మాత్రమే తాకేలా దారం లాగింది. తాకిన చోట వ్యాసార్ధం దారానికి లంబంగా ఉంటుంది. అంటే లంబకోణ త్రిభుజం దొరికినట్టే. ఆ దారాన్ని భర్త జవాద్ కొలిచాడు: పన్నెండు జానలు. మేకు నుంచి తొట్టి ముందంచు దాకా తిన్నగా ఆమె కొలిచింది: తొమ్మిది. నేలమీద సుద్దతో లెక్క వేసి, మూడున్నర అంది.

మేస్త్రి టీ గ్లాసు దించకుండానే తొట్టివంక చూశాడు.

"మూడున్నరా? అది తొట్టి కాదమ్మా, చెంబు."

జవాద్ నవ్వాపుకోలేకపోయాడు. ఇల్హామ్ మాత్రం బెదరలేదు. సూత్రం తప్పదు, మరి తప్పేదేమిటి? నవ్వుతున్న జవాద్ చెయ్యి లాగి, దాని పక్కన తన చెయ్యి చాపి పెట్టింది. ఆమె జాన ఓ వేలి వెడల్పు పొట్టిగా తేలింది.

"లెక్క సరిగ్గానే ఉంది మామయ్యా. చేతులే రెండయ్యాయి."

ముందంచు దాకా జవాద్ చేత మళ్ళీ కొలిపించింది. ఎనిమిది. ఈసారి సుద్ద అక్కర్లేకపోయింది: వ్యాసార్ధం అయిదు, దారం పన్నెండు, ఎనిమిదీ అయిదూ కలిపి మేకు నుంచి కేంద్రానికి పదమూడు.

మేస్త్రి లేచి, జవాద్ జానతో అయిదు జానల దారం పట్టి, అట్టమీద వంపు గీసి, కత్తిరించి అంచుకు ఆనించాడు. గోరు దూరే సందు కూడా లేదు. ఆ అట్టను ఆయన కోడలి చేతికిచ్చాడు.

"ఇకనుంచి లెక్క నీది. జాన మాత్రం వాడిది. ఇద్దరూ కలిసే రండి పనికి."

ఇంతకంటే మంచి తీర్పు ఏ ఖాజీ ఇస్తాడని ఇల్హామ్ అప్పుడే జవాద్ చెవిలో అడుగుతోంది.