ఒంటికి అంటిన కరెంటు

బిడ్డకు నెలకొకసారి ఫిట్స్ రావడం తక్కువేనని తేల్చింది ఎవరు?

ధనలక్ష్మి ఈ మాట భర్తనూ అడిగింది, అత్తనూ అడిగింది. ముందు వారం వారం వచ్చేవి కదా, ఇప్పుడు నయమే అన్నాడు భర్త ధనుంజయ పళ్లు తోముకుంటూ. తుమకూరు డాక్టరమ్మ మాత్రం తగ్గితే చాలదంది. వేళ తప్పకుండా మాత్ర వేస్తే అసలు రాకుండా ఆగవచ్చు, అప్పటికీ ఆగకపోతే బెంగళూరు పెద్దాసుపత్రిలో మందు మార్చి చూడాలి అంది. ఏడేళ్ల కూతురు సుమ ఆ మాటలు విననట్టు గోడవైపు చూస్తూ కూర్చుంది.

ధనలక్ష్మి పావగడ దగ్గర వల్లూరు సోలార్ పార్కులో ప్లేట్లు తుడుస్తుంది. ఒకప్పుడు తన చేతులతోనే వేరుశనగ పీకిన చేను అది. ఎక్కడైనా బకెట్ జారిపడితే చాలు, బిడ్డ తల నేలకు కొట్టుకున్నట్టే వినిపిస్తుంది. ఫోన్ మోగితే భయం, మోగకపోతే అంతకు మించిన భయం.

బిడ్డకు ఫిట్స్ ఎందుకొస్తున్నాయో అత్త తిమ్మక్క తనంతట తానే కనిపెట్టింది. ప్లేట్లు ముట్టుకున్న కోడలి ఒంట్లో కరెంటు నిలుస్తుందట, ఆ చేతులతో పట్టుకుంటే బిడ్డకు దిగుతుందట. కాబట్టి పని నుంచి రాగానే బచ్చలింట్లో తలకు నీళ్లు పోసుకొని, జుట్టు ఆరేదాకా బిడ్డ దగ్గరికి పోకూడదు. సాయంత్రం మాత్ర వేసేది ధనలక్ష్మి ఒక్కతే. జుట్టు ఆరేసరికి మాత్ర వేళ దాటిపోయేది.

పదో తరగతి చదివిన ధనలక్ష్మికి అది అబద్ధమని తెలుసు. అయినా కొన్నాళ్లకు, గడప తొక్కే ముందు, ఏమన్నా ఉంటే నేలలోకి దిగిపోతుందని, రెండు అరచేతులూ మట్టికి ఆనించడం మొదలుపెట్టింది. భయానికి రుజువు అక్కరలేదు, అలసిన మనిషి దొరికితే చాలు.

ఒక సాయంత్రం ఆమె తడి తలతో పెరటి అరుగు మీద కూర్చుని ఉండగా సుమ "అమ్మా" అంటూ పరుగెత్తుకొచ్చి, మధ్యలోనే నిలిచిపోయింది. కళ్లు ఒక పక్కకు లాగేశాయి. మరుక్షణం పడిపోయింది.

"ముట్టొద్దు మే, తల ఇంకా ఆరలేదు" అంటూ తిమ్మక్క బిడ్డ గుప్పిట్లో తాళంచెవుల గుత్తి కుక్కింది.

ధనలక్ష్మి ఆగిపోయింది. చాచిన చేతులు చాచినట్టే ఉండిపోయాయి. కన్నబిడ్డ పెదవులు నల్లబడుతుంటే, చేయందే దూరంలో, ముట్టుకోకుండా నిలబడింది. అప్పుడే అదే పార్కులో సెక్యూరిటీ డ్యూటీ దిగి వచ్చిన ధనుంజయ, యూనిఫాం అయినా విప్పకుండా, బిడ్డను ఒడిలోకి ఎత్తుకున్నాడు. తిమ్మక్క అతనికి అడ్డు చెప్పలేదు.

బిడ్డ తేరుకొని నిద్రపోయాక ధనలక్ష్మి నెమ్మదిగా అడిగింది: "మధ్యాన్నం నువ్వు పండుకొనేది ఆ ప్లేట్ల కిందే కదప్పా. నీ ఒంట్లో లేదా కరెంటు?"

ధనుంజయ నవ్వాడు. బదులు తిమ్మక్క చెప్పింది.

"వాడు మగోడు మే. వాని ఒంట్లో నిలవదు."

ఇన్ని నెలలుగా ఆమెను బిడ్డకు దూరంగా నిలబెట్టిన శాస్త్రం మొత్తం ఇంతే. ధనలక్ష్మికి కోపం రాలేదు. ఒక భయం రాలిపోయింది, ఇంకొకటి మిగిలింది: మళ్లీ వచ్చే ఫిట్ నుంచి బిడ్డ లేవకపోతే?

తెల్లవారి ఆమె పనికి పోలేదు. బిడ్డకు మాత్ర వేసి, జడ వేసి, బెంగళూరు పెద్దాసుపత్రికని సంచి సర్దింది. వచ్చే నెల చూద్దాంలే అని ధనుంజయ గొణిగాడు.

"వచ్చే నెలకు ఇంకొకటి వస్తాది" అంది. "నయమైంది అనొద్దు. ఒక్కటీ రాకుండా చేసే మందు యాడ ఉంటే ఆడికి పోతా."

పావగడలో బెంగళూరు బస్సు కిక్కిరిసి ఉంటుంది. నలిగిన బిడ్డకు దారిలోనే మళ్లీ రావచ్చు. తల్లికి అది తెలుసు, అందుకే ఆ చిన్న నడుము చుట్టూ వేసిన చేయి తీయలేదు. ఆ బస్సులో మీరూ ఉండవచ్చు. బిడ్డ పడిపోతే నోట్లో ఏమీ పెట్టకండి. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఏం పాపం చేశావని తల్లిని అడగకండి. లేవండి, ఆ ఇద్దరికీ మీ సీటు ఇవ్వండి.