నిప్పుల మీద పింగాణి

పొద్దున్నుంచి ఆండాలు చూపంతా ఆ గిన్నె మీదే. తెల్లటి పింగాణి గిన్నె, ఎత్తితే పసిపిల్లంత బరువు. పక్కింటి ఖుర్షీద్ ఆపాది. ఆపా మొగుడు దుబాయిలో కారు నడుపుతాడు. పోయినసారి వచ్చినప్పుడు కరెంటు హండీ ఒకటి తెచ్చాడు. లోపల ఈ గిన్నె పెట్టి మీట వేసి వదిలేస్తే, దినమంతా తొందర లేకుండా ఉడుకుతుంది. పురానాపూల్ గల్లీలో అలాంటిది ఇంకొకటి లేదు.

ఆండాలు వాళ్లది పాల వ్యాపారం. మొన్న బర్రె ఈనింది. "నాకిచ్చే జున్ను నా హండీలనే వండు ఆండాలూ," అని ఆపా హండీ మొత్తం తెచ్చి ఇచ్చింది. ఇచ్చి గుమ్మం దాటేదాకా ఒకటే చెప్పుడు. ఇనుప పీచు వద్దు, ఇటుకపొడి వద్దు, వేడి మీద చల్లనీళ్లు అసలే వద్దు. జున్ను బాగానే కుదిరింది గానీ, బెల్లం మాడి అడుగున గట్టిగా పట్టేసింది. ఆపా మొగుడు ఇవాళే బొంబాయి రైలు దిగుతున్నాడు. సాయంత్రం నుంచి ఆ హండీలో మేకకాళ్ల పాయా ఉడకాలి.

ఆండాలు గిన్నెలో గోరువెచ్చని నీళ్లు పోసి, చిటికెడు తినే సోడా వేసి నానబెట్టింది. బర్రెలకు కుడితి పెట్టి వచ్చేసరికి గిన్నె అక్కడ లేదు. పొయ్యి మీద బోర్లా ఉంది. కింద పిడకల నిప్పులు. పక్కన పీట మీద అత్త పుష్పమ్మ.

"అత్తమ్మా! ఏం జేసినవ్?"

"ఏం జేసిన? కొబ్బరిపీచుతోని తోమి కాలవెట్టిన. పాల గిన్నెను కాల్చకుంటే రేపటి పాలు ఇరుగుతై. నీ ఆపాకు బర్రెలున్నయా, గది తెల్వనీకి?"

ఆ ఇంట్లో పాలు తాకిన కుండ ఏదైనా సరే, తోమినాక నిప్పుల సెగ చూడాల్సిందే. పుష్పమ్మ కాపురానికి వచ్చిననాటి నుంచీ ఉన్న పద్ధతి. మట్టికుండకు మేలు చేసే సెగ పింగాణిని ఏం చేస్తుందో మాత్రం ఆమెకు తెలీదు.

ఆండాలు గోనెసంచి మడిచి పట్టుకుని గిన్నెను పైకెత్తింది. పుష్పమ్మ నీళ్ల చెంబు ఎత్తింది.

"ఆగు! సల్లనీళ్లు పొయ్యకు, పగుల్తది!"

"మరి ముందుగాల చెప్పొద్దా? నాకేమన్న కలొచ్చిందా?" అన్నది ముసలామె. చెంబు దించేసరికి గొంతులో బింకం కూడా కొంచెం దిగింది.

గిన్నెను గోనె మీద పెట్టి ఇద్దరూ చెరోపక్క కూర్చున్నారు, బర్రె ఈనేటప్పుడు కాచుకుని కూర్చున్నట్టు. కాస్త చల్లారాక ఆండాలు లోపలికి తొంగి చూసింది. అడుగున వెంట్రుకంత గీత.

చార్మినార్ దుకాణాలన్నీ తిరిగినా ఇలాంటిది దొరకదు. అదీగాక, ఆండాలు బాలింతగా మంచం మీద ఉన్నప్పుడు ఈ ఇంటి బట్టలు ఉతికిపెట్టిన మనిషి ఆపా. ఆ మనిషి ముఖం ఎట్లా చూడాలి?

"లొల్లి జెయ్యకు. ఇటియ్యి," అన్నది పుష్పమ్మ. కుమ్మరి దగ్గర కుండ కొనేటప్పుడు చేసినట్టే, గిన్నెను అరచేతిలో నిలిపి వేలి కణుపుతో అంచు మీద కొట్టింది. ఖంగుమంది. తిప్పి ఇంకోపక్క కొట్టింది. మళ్లీ ఖంగుమంది.

"పగిలినదైతే గిట్ల పలుకదే. బొంగురుగ మోగుతది."

"మరి గా గీత?"

"నువ్వే చూడు. నీ కండ్లు లేతయి గదా."

ఆండాలు మళ్లీ గోరువెచ్చని నీళ్లు పోసి, సోడా వేసి కాసేపు ఆగింది. బొటనవేలితో రుద్దింది. గీత ఒక కొస లేచింది. ఆపైన పోగులాగా మొత్తం ఊడి వేలికి అంటుకుంది. మాడిన బెల్లం! అడుగు గాజులాగా నున్నగా ఉంది.

"ఆండాలూ, నా హండీ ఏదీ? ఆయన రైలు దిగిండంట!" ఖుర్షీద్ ఆపా గుమ్మంలోకి వచ్చేసింది. గిన్నె చూసి కండ్లు పెద్దవి చేసింది. "యా అల్లా! కొత్తదాని లెక్క మెరుస్తుంది. ఏం పెట్టి తోమినవ్?"

ఆండాలు నోరు తెరిచేలోపే అత్త అందుకుంది. "తోముడొక్కటే కాదు బేగం, నిప్పుల మీద కాల్చిన. ఇగో, నీ దోస్తుకు పానం పోయినంత పనైంది."

ఆపా గుండె మీద చెయ్యి వేసుకుంది. గిన్నెను అటూ ఇటూ తిప్పి చూసింది. ఏమీ కాలేదని తేలాక పకపకా నవ్వింది. "గట్లనా పుష్పమ్మా! మా ఆయనను గూడ తోలుత, గట్లనే కాల్చి ఇయ్యి. దుబాయి దుమ్మంతా పోతది."

గిన్నెను కరెంటు హండీలో పెట్టి, చంకన ఎత్తుకుని ఆపా వెళ్లిపోయింది. ఆండాలు ఆ గోనె మీదే కూలబడి, కండ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. గోనె ఇంకా వెచ్చగానే ఉంది.