కోటు వంగింది, నేను కాదు

పొద్దున్నే ఆ ఇంట్లో మొదట మోగేది కుట్టుమిషను. తల్లి ముందుగది తలుపులు తెరిచి, మిషనుకు రెండు చుక్కలు నూనె పోసి, ఏదో ఒక పీలిక మీద నాలుగు కుట్లు వేసి చూసుకునేది. ఆ గదే ఆమె కొట్టు. కొత్త బట్టలు కుట్టేది కాదు. పొడుగైనవి కురచ చెయ్యడం, బిగుతైనవి వదులు చెయ్యడం, చిరిగినవి కనపడకుండా అతకడం ఆమె పని. మిషను పక్కనే పీలికల బుట్ట ఉండేది. అందులో పడ్డ ముక్క ఏదో ఒకనాడు ఎవరి బట్టలోనో చేరాల్సిందే గాని చెత్తలోకి పోయే ప్రసక్తి లేదు.

తండ్రి అప్పటికే కుర్చీలో కూర్చుని పేపరు చదువుతూ ఉండేవాడు. బీమా కంపెనీ క్లెయిముల విభాగంలో గుమాస్తాగా చేరి, గుమాస్తాగానే రిటైరయ్యాడు. ఆయన నడుము వంగగా ఇంట్లో ఎవరూ చూడలేదు. చేతిలోంచి చెంచా జారితే, "చెంచా పడింది" అని ప్రకటించి, మళ్ళీ పేపర్లో తల పెట్టేవాడు. తల్లో కూతురో వచ్చి తియ్యాలి.

వంగేది ఆయన కోటు.

తలుపు పక్కన కొక్కేనికి వేలాడే ఆ బూడిదరంగు కోటు, అధికారం ఉన్నవాళ్ళు ఎవరైనా గుమ్మం దగ్గరికి వస్తే వంగేది. ముందు ఎడమ భుజం జారేది, తర్వాత మెడపట్టీ ముందుకు వాలేది, ఆఖరికి నడుము దగ్గర మడత పడేది. కరెంటు మీటరు చూసే మనిషికి భుజం ఒక్కటే. బ్యాంకు మేనేజరుకు మెడ దాకా. ఇంటి ఓనరు వీధి మలుపు తిరిగాడంటే చాలు, మొత్తం కోటు రెండుగా మడిచినట్టు అయిపోయేది. తల్లికి అది కాలింగ్ బెల్లులా పనికొచ్చేది. "ఓనరుగారు వస్తున్నట్టున్నారండీ, చొక్కా వేసుకోండి" అనేది, కోటు వైపు ఒక చూపు చూసి. కొట్టుకు వచ్చేవాళ్ళు దాన్ని పట్టించుకునేవాళ్ళు కాదు. అన్నేళ్ళు ఆఫీసుకు పోయిన కోటు వంగకపోతే వింత గాని, వంగితే ఏముంది?

"కోటు వంగింది, నేను కాదు" అనేవాడు తండ్రి, ఆఫీసు ఊసు వచ్చినప్పుడల్లా. "ఎంతమంది మేనేజర్లు వచ్చారు, ఎంతమంది పోయారు! లోపల నేను మాత్రం ఇదిగో, ఇలాగే. గడకర్రలా."

ఆ కంపెనీ నుంచే, ఆ విభాగంలోనే, కూతురికి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. ఉన్నది ఒకే ఒక్క ఉద్యోగం. ఆ వారంలోనే ఇంటి ఓనరు వచ్చి, ముందుగది తన అల్లుడి ఆఫీసుకు కావాలని, ఏ సంగతో ఆలోచించుకుని చెప్పమని వెళ్ళాడు. గది పోతే కొట్టు పోతుంది. కూతురికి ఉద్యోగం వస్తే వేరే ఇల్లు చూసుకోవచ్చు. రాకపోతే ఓనరు కాళ్ళు పట్టుకోవాలి. ఆ ఇంట్లో కాళ్ళు పట్టుకోవడం కోటుకు తప్ప ఎవరికీ చేతకాదు.

ఇంటర్వ్యూ ముందురోజు మధ్యాహ్నం, కూతురి బట్టలన్నీ మంచం మీద పరిచారు. లేతనీలం చొక్కా వేసుకుని వచ్చి నిలబడింది.

"బడి పిల్లలా ఉన్నావు" అంది తల్లి.

నల్లది వేసుకుంది.

"ఎవరో పోయినట్టుంది. బీమా కంపెనీకి వెళ్ళి అది గుర్తు చెయ్యడం ఎందుకే?"

పసుపుది పట్టుకోగానే తండ్రి పేపరు దించాడు. "ఇంటర్వ్యూకా, పెళ్ళి భోజనానికా? కోటు ఉండగా ఈ సంత అంతా ఏమిటి? ఆ కంపెనీలో దాన్ని ఎరగనివాడు లేడు."

"అందుకే వద్దంటున్నా నాన్నా. నేను నాకు తెలిసింది చెప్పడానికి పోతున్నాను, వంగడానికి కాదు."

"నువ్వెక్కడ వంగుతావే పిచ్చిదానా? అది వంగుతుంది. నువ్వు లోపల నిటారుగా ఉంటావు."

"లోపల నువ్వు నిటారుగా ఉన్నావని ఎవరు చూశారు?"

తండ్రి కాసేపు పేపరు మడతలు సరిచేశాడు. "నేను చూసుకున్నాను" అన్నాడు.

గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని తల్లి ఇద్దర్నీ చూసింది. సూదులు తీసి అరచేతిలో పోసుకుంది. "ఇద్దరూ నోళ్ళు మూసుకోండి. కోటు బాగుంది, బట్ట మంచిది. దాని పొంకం దీని ఒంటికి సరిచేస్తాను. వంగడం తీసేస్తాను. సరేనా?"

"తీసేస్తావా? ఎక్కడుందని తీస్తావు?" అన్నాడు తండ్రి.

తల్లి కోటు బోర్లా పరిచి, వీపు పొడుగునా వేళ్ళతో తడిమింది. "పైబట్టలో లేదు. లైనింగులో ఉంది. ఇక్కడ, భుజం నుంచి నడుము దాకా."

కుట్లు విప్పింది. ముదురు గోధుమరంగు ముక్క ఊడి వచ్చింది. వస్తూనే సెగ తగిలిన కాగితంలా ముడుచుకుపోయింది. దాన్ని బుట్టలో పడేసి, గట్టి నూలు లైనింగు కొత్తది వేసింది. భుజాలు కుదించింది, చేతులు కురచ చేసింది. తండ్రి తన పదవీ విరమణ నాటి ఫొటో తెచ్చి, అందులో మధ్యన కూర్చున్న పాత మేనేజరును కోటు ముందు పెట్టాడు. కోటు కదల్లేదు.

"శవంలా ఉంది. దాని మర్యాద కాస్తా తీసేశావు" అన్నాడు.

కూతురు వేసుకుని అద్దంలో చూసుకుంది. చాలా బాగుంది. తనే ఒక పెద్ద అధికారిలా కనబడింది తనకు. ఇల్లంతా ఒకసారి అలా నడిచింది కూడా.

సాయంత్రం పొడుగోడు వచ్చాడు. బేకరీ ఆయన కొడుకు, కూతురితో కలిసి చదువుకున్నవాడు. గుమ్మంలో తల వంచుకోకుండా ఎక్కడికీ రాలేని మనిషి గనక ఆ పేరు. చేతిలో వాళ్ళ మామయ్య కోటు.

"ఆంటీ, మీరే దిక్కు. లోపల వీపు అంతా పీలికలు. రేపే ఇంటర్వ్యూ."

"నీక్కూడా అక్కడేనా?" అంది కూతురు.

"అక్కడే. భయపడకు, నాకు ఏమీ రాదు. మా నాన్న పోరు పడలేక వెళ్తున్నా. ఉద్యోగం నీదే, పార్టీ మాత్రం మా బేకరీలో."

తల్లికి చిరుగు కనబడింది. వెంటనే దానికి సరిపోయే గోధుమరంగు ముక్క బుట్టలో కనబడింది. ఇన్నేళ్ళుగా ఆమె చేతులకు ఉన్న అలవాటు అదే. మనసుతో పని లేకుండా ముక్క కత్తిరించి, కుట్టేసి, కూతురి ముందు పడేసింది. కూతురు ఏదో ఆలోచించుకుంటూ దాన్ని నున్నగా ఇస్త్రీ చేసి ఇచ్చింది.

మర్నాడు ఇంటర్వ్యూ గదిలో ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో మేనేజరు. కూతురు లోపలికి రాగానే ఆయన మొహం వెలిగింది.

"ఈ కోటు నాకు తెలుసు."

"మా నాన్నగారిది సార్."

"తెలియకేం! నేను చేరిన కొత్తలో రోజూ చూసేవాణ్ణి." ఆయన పెన్ను మూసి, కుర్చీలో వెనక్కి వాలి, నవ్వుతూ ఆగాడు. ఆయన దేనికోసం ఆగాడో ఆమెకు అర్థమైంది. పక్కనున్న ఇద్దరూ కూడా ఆగారు. గోడ మీద గడియారం ఒక్కటే తన పని తను చేసుకుపోయింది.

"ఆరోగ్యం బాగానే ఉందా?"

"బాగానే ఉన్నారు సార్."

"నేను కోటు సంగతి అడుగుతున్నాను."

"ఆల్టర్ చేయించాం సార్."

"ఓహో" అన్నాడు మేనేజరు. నవ్వు ఎక్కడిదక్కడ మడిచి లోపల పెట్టేశాడు.

తర్వాత అడిగిన వాటన్నిటికీ ఆమె జవాబు చెప్పింది. కాలిపోయిన గోదాము లెక్క ఎలా కట్టాలో, దొంగ క్లెయిము ఎక్కడ పట్టుబడుతుందో తడుముకోకుండా చెప్పింది. చివర కూర్చున్న ఆవిడ రెండుసార్లు తల ఊపి, మేనేజరు మొహం చూసి మానేసింది.

"తెలివైనదానివే" అన్నాడు మేనేజరు. "కానీ మాకు కావలసింది సర్దుకుపోయే మనుషులమ్మా."

"సర్దుకుపోతాను సార్."

ఆ క్షణంలో ఆమె నిజంగానే వంగాలనుకుంది. ముందుగది గుర్తొచ్చింది, మిషను గుర్తొచ్చింది. కానీ ఎక్కడ మొదలుపెట్టాలో, ఎంత దాకా పోవాలో తెలియలేదు. ఇంట్లో ఆ పనంతా కోటుకు వదిలేశారు. ఎవరూ నేర్పలేదు. గట్టి లైనింగు వీపుకు చెక్కలా ఆనుకుని ఉంది. థాంక్యూ చెప్పి బయటికి వచ్చింది.

హాల్లో సర్టిఫికెట్లు సర్దుకుంటూ ఉండగా, మేనేజరే తలుపు దాకా వచ్చి తర్వాతి మనిషిని పిలిచాడు. పొడుగోడు లేచాడు. లేస్తూనే అతని ఎడమ భుజం జారింది. మెడ వాలింది. నడుము మడత పడింది. చేతిలోని ఫైలు మోకాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయింది. ఆమెకు పుట్టినప్పటి నుంచి తెలిసిన వంగడం అది. మేనేజరు మొహం మళ్ళీ వెలిగింది. "అరెరే, పర్వాలేదయ్యా, రా, రా" అంటూ భుజం మీద చెయ్యి వేసి లోపలికి తీసుకుపోయాడు.

ఇంటికి వచ్చి ఆ మాట చెప్పగానే తల్లి లేచి బుట్టలో చెయ్యి పెట్టింది. అడుగు దాకా వెతికింది.

"నా చెయ్యి పడిపోను" అంది.

"నేను చెప్పానా లేదా?" అన్నాడు తండ్రి పేపరు వెనక నుంచి.

ఉద్యోగం పొడుగోడికే వచ్చింది. కొన్నాళ్ళకు ఒక కేకు పట్టుకుని, ఆ కోటు వేసుకుని వచ్చాడు. అదివరకంత పొడుగ్గా కనబడలేదు.

"ఆంటీ, ఇది ఒకసారి విప్పి చూస్తారా? వీపులో ఏదో లాగుతోంది. మేనేజరు వస్తే లాగుతుంది, మేనేజరు కారు వచ్చినా లాగుతుంది. నిన్న ఆయన ఖాళీ కుర్చీకి వంగాను. అందరూ నవ్వారు. నడుము పడిపోతోందాంటీ."

తల్లి గబుక్కున కుట్లు విప్పే కత్తెర అందుకుంది. ముక్క ఇంటికి వచ్చేస్తుంది, పాత చోట కుట్టెయ్యవచ్చు, ఓనరు వచ్చే రోజు దగ్గరపడింది. కూతురికీ అదంతా తెలుసు. కాస్త నోరు మూసుకుంటే సరిపోయేది.

"విప్పించుకో" అంది. "విప్పించుకున్న రోజే ఇంటికి పంపిస్తారు. నీకు ఉద్యోగం ఇచ్చింది నిన్ను చూసి అనుకున్నావా?"

పొడుగోడు ఆమెకేసి చూశాడు. కొక్కేనికి నిటారుగా వేలాడుతున్న బూడిదరంగు కోటును చూశాడు. అతనికి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు.

"ఇది మీదా?" అన్నాడు మెల్లగా.

"మాదే. ఇప్పుడు నీది."

అతను కేకు బల్ల మీద పెట్టాడు. కోటు బొత్తాలు కింది నుంచి పైదాకా పెట్టుకున్నాడు. "అలవాటైపోతుందిలే ఆంటీ" అని తల్లితో చెప్పి, కూతురికేసి చూడకుండా వెళ్ళిపోయాడు.

ఓనరు వచ్చింది ఆ మర్నాడే. ఈసారి ఎవరికీ ముందుగా తెలియలేదు. తల్లి మిషను మీద ఉంది, కూతురు మంచానికి అడ్డంగా పడుకుని ఉద్యోగాల పేజీ చూస్తోంది, తండ్రి బనియనుతో కుర్చీలో ఉన్నాడు. ఓనరు గుమ్మంలోకి వచ్చి నిలబడి, అలవాటు కొద్దీ ముందు కొక్కెం వైపు చూశాడు. కోటు కదల్లేదు.

"ఏమైంది దీనికి?" అన్నాడు.

మిషను ఇంకాస్త జోరుగా నడిచింది.

"సరే. గది సంగతి ఏం చేశారు? మావాడు సామాను తెచ్చుకుంటానంటున్నాడు."

ఆయన మాట్లాడుతున్నది తండ్రితోనే అయినా చూపు మాత్రం కోటు మీదే ఉంది. అది వంగుతుందేమోనని ఇంకాసేపు చూశాడు. గొంతు మారింది. "ఈమధ్య మీ ఇంట్లో మనిషిని లెక్క చెయ్యడం తగ్గినట్టుంది."

మిషను ఆగింది.

తండ్రి కుర్చీలోంచి లేచాడు. పేపరు కింద పడింది. ఆయన ఎడమ భుజం ముందు జారింది. తర్వాత మెడ వాలింది. ఆఖరికి, ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ చూడని ఆ నడుము, ఎంతో అలవాటున్న దానిలా, చప్పుడైనా చెయ్యకుండా మడత పడింది. కోటు ఎక్కడ నేర్చుకుందో కూతురు చూసింది. తల్లి చూసింది. పక్కన కొక్కేనికి కోటు గడకర్రలా నిలబడి ఉంది.

"అయ్యో, మీరెందుకండీ" అన్నాడు ఓనరు. మొహం విప్పారింది. "పెద్దవారు. లేవండి, లేవండి. సరే, ఇప్పటికి ఉండనివ్వండి. మావాడికి ఇంకో చోటు చూస్తాను." వెళ్తూ వెళ్తూ కేకు అట్టపెట్టె మీద బేకరీ పేరు చదివి, బాగుంటుందా అని అడిగాడు కూడా.

ఆయన చెప్పుల చప్పుడు వీధి మలుపు దాటాక కూడా తండ్రి లేవలేదు. వాళ్ళిద్దరి కళ్ళూ తన మీదే ఉన్నాయని నేల చూస్తూనే తెలుసుకున్నట్టున్నాడు.

"చెంచా పడింది" అన్నాడు. "తీద్దామని."

నేల మీద పేపరు తప్ప ఏమీ లేదు. కూతురు మంచం దిగి, ఆయన పక్కనే వంగి, బల్ల కింద ఆ చెంచా కోసం వెతకడం మొదలుపెట్టింది.