సంచులు కట్టిన పూలు

మా బావ మంచివాడు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే జరిగింది ఎవరికి చెప్పబోయినా, "అయినా మనిషి మంచోడే కదమ్మా" అంటూ నా నోరు మూయించారు. మంచివాళ్ల మీద కోపం తెచ్చుకోవడం ఎంత కష్టమో, వాళ్ల చేతిలో నష్టపోయినవాళ్లకే తెలుస్తుంది.

ఆయన మా అక్క భర్త. కళ్లజోళ్ల దుకాణం ఉంది. ఆ ఏడాది సేవా సంఘానికి అధ్యక్షుడయ్యాడు. ఆ సంఘానికో నియమం ఉంది. ఎక్కడికి వెళ్లినా ఊరికే చూసి రాకూడదు, ఏదో ఒక సేవ చేసి గానీ కదలకూడదు. బడికి వెళ్తే బల్లలు కడుగుతారు. ఆసుపత్రికి వెళ్తే గోడలకు రంగు వేస్తారు. ఓసారి అక్క ఇంట్లో సమావేశం పెట్టుకుని, వెళ్తూ వెళ్తూ వంటగది సర్దిపోయారు. ఉప్పు డబ్బా కోసం అక్క ఇల్లంతా వెతికి, చివరికి పక్కింట్లో చేబదులు తెచ్చుకుంది.

నేను వ్యవసాయ పరిశోధన కేంద్రంలో మిరప మీద పనిచేస్తాను. మిరపకు ఆకుముడత అని ఒక తెగులు ఉంది. అది వచ్చిందంటే ఆకులు ముడుచుకుపోతాయి, మొక్క గిడసబారిపోతుంది, రైతు పని అయిపోతుంది. మా గాజు గదిలో ఒక అడవి మిరప మొక్క ఉంది. కాయ తినడానికి పనికిరాదు గానీ, దాన్ని మాత్రం ఆ తెగులు ముట్టదు. దాని పుప్పొడి తెచ్చి మామూలు మిరప పూలకు అద్ది, ఆ రెండింటి బిడ్డను పుట్టించాలని ఏళ్లుగా నా ప్రయత్నం. అడవి మొక్క ఏడాదికి ఒక్కసారే, అదీ నాలుగు రోజులే పూస్తుంది.

పని చెప్పడానికి తేలికే. విచ్చుకోబోయే మొగ్గను పట్టకారుతో తెరిచి, లోపలి కేసరాలు పీకేసి, అడవి పుప్పొడి అద్ది, వెంటనే చిన్న కాగితం సంచి తొడిగి దారం కట్టాలి. లేకపోతే తేనెటీగ ఎక్కడెక్కడి పుప్పొడో తెచ్చి అంటిస్తుంది. మిరప పూవు కాడ మహా సుకుమారం, కాస్త లాగితే తెగిపోతుంది. అందుకని ఏ పూవుకు ఏం చేశానో సంచి మీదే పెన్సిల్‌తో రాస్తాను. ఆ ఏడాది పూత ఆఖరి పుప్పొడి కూడా సంఘం వాళ్లు వచ్చిన రోజు పొద్దున్నే అద్దేశాను. నడుము విరిగినంత పనైంది. అయినా ఆ తెల్ల సంచుల వరసలు చూస్తే కడుపు నిండిపోయింది.

ఇంకో సంగతి. ఆ పై వారం ఒక కమిటీ రావాల్సి ఉంది. నేను సంచులు కట్టిన ఆ మడి మిరపకే ఉంచాలా, పూల మొక్కల విభాగానికి ఇచ్చేయాలా అన్నది వాళ్లు తేలుస్తారు. పూల విభాగం వాళ్లు అప్పటికే టేపు తెచ్చి గట్లు కొలుచుకుపోయారు. సంచులు కట్టిన మొక్కలను చూపిస్తే మడి నాది. లేకపోతే లేదు.

ఇలాంటి సమయంలో, ఆ పొద్దునే డైరెక్టర్ గారు ఫోన్ చేశారు.

"సేవా సంఘం వాళ్లు వస్తున్నారమ్మా. మీ బావగారేనటగా అధ్యక్షులు. మీ మడే చూపించండి, చూడ్డానికి బాగుంటుంది."

"సార్, అక్కడికి మాత్రం వద్దు సార్. ఇంకెక్కడైనా చూపిస్తాను."

"ప్రజలు మనల్ని చూడాలమ్మా. చూడకపోతే మనమెందుకు?"

వెంటనే బావకు ఫోన్ చేశాను. "బావా, ఒక వారం ఆగి రండి. మీకు పుణ్యముంటుంది" అన్నాను.

"అరే, బస్సు మాట్లాడేశాం మరదలా! నీ గొప్పతనం పదిమందికీ చూపిద్దామని నేను తాపత్రయపడుతుంటే నువ్వేంటి, చుట్టాలొస్తే తలుపు గడియ పెట్టుకునేలా ఉన్నావు?" అని నవ్వాడు. ఆయనతో వాదన పెట్టుకోవడం గోడకు తల కొట్టుకోవడమే.

గంటలో అందరూ పసుపు టోపీలతో బస్సు దిగారు. గట్టు మీద నిలబెట్టి, మడిలోకి దిగొద్దని చెప్పి, "ఈ సంచులు ఎందుకంటే..." అని మొదలుపెట్టాను.

"ముందు ఫోటో! ఎండ ఎక్కితే మొహాలు నల్లగా వస్తాయి" అన్నాడు బావ.

కెమెరా పట్టుకున్నది పళ్ల డాక్టరు. "మేడమ్, కొంచెం కుడికి. ఇంకొంచెం. నవ్వండి, పళ్లు కనిపించాలి" అన్నాడు. ఫోటో కాగానే మళ్లీ "ఈ సంచులు..." అన్నాను. ఈలోపు డైరెక్టర్ గారు చప్పట్లు కొట్టి, సభకు వేళైందని అందరినీ హాల్లోకి తోలారు. నా మాట నోట్లోనే ఉండిపోయింది.

నన్ను వేదిక మీద కూర్చోబెట్టారు. డైరెక్టర్ గారు కేంద్రం చరిత్ర మొదటి ఇటుక నుంచీ ఎత్తుకున్నారు. తర్వాత బావ మైకు అందుకుని, చిన్నప్పుడు నేను విత్తనాలు మింగిన కథ చెప్పి, అందుకే ఈ ఉద్యోగం వచ్చిందన్నాడు. అందరూ నవ్వారు. వెనక వరసల్లో కుర్చీలు ఖాళీ అవుతున్నాయి. టీ కోసం వెళ్లారనుకున్నాను.

బావ ప్రసంగం ముగిసేసరికి వాళ్లు తిరిగొచ్చారు. ముందు పెద్ద టీచర్ గారు. ఆవిడ ఉద్యోగ విరమణ చేసి చాలాకాలమైనా సంఘంలో అందరికీ ఆవిడంటే హడల్. ఆవిడ చేతిలో నల్ల చెత్త సంచి ఉబ్బి ఉంది. చెమట తుడుచుకుంటూ వేదిక దగ్గరకొచ్చింది.

"సేవ పూర్తయింది అధ్యక్షా! పాపం ఈ అమ్మాయి మడిలో ఎక్కడ చూసినా కాగితాలే. గాలికి కొట్టుకొచ్చి కొమ్మలకు చిక్కుకున్నాయి. ఒక్కటి మిగల్చకుండా ఏరేశాం."

ఆ మాట నాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. దిగి వెళ్లి ఆ సంచిలో చెయ్యి పెట్టాను. నా కాగితం సంచులు. వాటి మీద నా రాత. ఒకదాన్ని తెరిస్తే లోపల కాడతో సహా తెగిన పూవు. ఇంకోటి తెరిచాను. దాంట్లోనూ అంతే.

"ఇది చెత్త కాదు!" అని అరిచాను. మైకు ఆన్‌లోనే ఉన్నట్టుంది, హాలంతా దద్దరిల్లింది. "దారం ముడి కనిపించలేదా మీకు? గాలి ఎక్కడైనా ముడి వేస్తుందా?"

అప్పుడు చెప్పాను. పుప్పొడి సంగతి, అడవి మొక్క సంగతి, మళ్లీ ఏడాది దాకా అది పూయదన్న సంగతి. గట్టు మీద చెప్పాల్సిన ప్రతి ముక్కా ఆ చెత్త సంచి పక్కన నిలబడి చెప్పాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. పెద్ద టీచర్ గారు కళ్లు ఒత్తుకుంది. నాకు జాలి కలగలేదు. ఆవిడ ఏడిస్తే నేను ఓదార్చాలా? మరి నన్నెవరు ఓదారుస్తారు?

డైరెక్టర్ గారు నన్ను తన గదిలోకి తీసుకెళ్లి మంచినీళ్లిచ్చారు. "వాళ్లు కావాలని చేశారా అమ్మా? కాస్త సంయమనం" అన్నారు. నేను వద్దన్నా మడి చూపించింది మీరే కదా అన్నాను. ఆయన కిటికీ దగ్గరకు వెళ్లి బయటకు చూశారు. ఉన్నట్టుండి ఆయన మొహం వెలిగింది.

"ఇదిగో, చూడండి! మీ వాళ్లు ఎంత పనిమంతులో!"

పరుగెత్తాను. మడి నిండా తెల్ల సంచులు. పసుపు టోపీలు వరసల మధ్య వంగి, కాడలకు దారాలు కడుతున్నాయి. చేసిన తప్పు దిద్దుకుందామని బావ పిలుపునిచ్చాడట. ఏరిన సంచులన్నీ విదిల్చి, దొరికిన పూవుకల్లా తొడిగేశారు. కేసరాలు పీకని పూలకు, అడవి పుప్పొడి సోకని పూలకు. అవన్నీ తమ పుప్పొడితో తామే కాయలు కాస్తాయి. ఆ కాయల మీద నా చేతిరాత ఉంటుంది.

"అన్నీ కట్టేశాం మరదలా, ఒక్కటి మిగల్లేదు" అన్నాడు బావ, నడుం పట్టుకుని.

వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు. ఇక్కడ కోతి అయ్యాక దాన్ని మళ్లీ వినాయకుణ్ణి చేస్తున్నారు.

డైరెక్టర్ గారు వెనకనుంచి వచ్చి గొంతు తగ్గించారు. "ఇలాగే వదిలేయండమ్మా. కమిటీ వాళ్లు గట్టు మీద నుంచి సంచులు చూస్తారు, వెళ్లిపోతారు. విప్పి చూడరు. మడి మీకే ఉంటుంది. వచ్చే ఏడు మళ్లీ చేసుకోవచ్చు."

దాచడమెందుకు, ఆశ పుట్టింది. ఆయన చెప్పింది నిజమే, ఎవరూ విప్పి చూడరు. మడి ఉంటే వచ్చే పూతకు నేనుంటాను. మడి పోతే అడవి మొక్క పూసినా ఆ పుప్పొడి ఎక్కడ అద్దను? వరసల వంక చూస్తూ నిలబడ్డాను. పొద్దున నేను కట్టినప్పుడు ఎలా ఉన్నాయో అచ్చం అలాగే ఉన్నాయి.

"చూశావా, అంతా మన మంచికే జరిగింది" అన్నాడు బావ.

ఆ మాటకు ఒళ్లు మండిపోయింది. ఆశ కూడా దాంతోపాటే కాలిపోయింది. మడిలోకి దిగి మొదటి మొక్క దగ్గర కూర్చుని, ముడి విప్పి సంచి తీసేశాను. తర్వాత రెండోది.

"అదేంటి, మేం కట్టింది విప్పేస్తోంది?" అన్నాడు పళ్ల డాక్టరు.

"మనం ఎంత చేసినా విలువ లేదులే" అంది పెద్ద టీచర్ గారు. వాళ్లు ఒక్కొక్కరే బస్సెక్కారు. డైరెక్టర్ గారు "మీ ఇష్టం. కమిటీకి జవాబు మీరే చెప్పుకోవాలి" అని లోపలికి వెళ్లిపోయారు.

బావ మాత్రం వెళ్లలేదు. గట్టు మీద కాసేపు నిలబడి, నా ఎదురు వరసలోకి వచ్చి కూర్చున్నాడు.

"వదిలేస్తే మడి దక్కేది కదే?"

"దక్కేది."

"మరి?"

"వీటి మీదున్నది నా రాత బావా. లోపలున్నది నేను చేసింది కాదు. ఈ విత్తనం ఏ రైతుకో చేరి, తెగులు రాదని నమ్మి వేసుకుంటే?"

ఆయన కళ్లజోడు ముక్కు మీదకు జార్చుకుని ఒక సంచి పట్టుకున్నాడు. ముడి దొరకలేదు. కాస్త లాగాడు. కాడ పుటుక్కుమంది. సంచీ, పూవూ చేతిలోకి వచ్చేశాయి. పొద్దున హాల్లో నేను అరిచినప్పుడు కూడా ఆయన మొహం అంతగా పాలిపోలేదు.

"అయ్యో... తెగిపోయింది మరదలా."

"ఫర్వాలేదు బావా. ఇక తెగినా నష్టం లేదు" అన్నాను.

ఆయన ఆ పూవును ఎక్కడ పెట్టాలో తెలియక అరచేతిలోనే ఉంచుకున్నాడు. నేను పక్క మొక్కకు జరిగాను.