వాచీ చూసి కాల్చే సిగార్

ఇలాంటి మొగుడు పగవాళ్ళకి కూడా వద్దని ఆమె అభిప్రాయం. మనిషన్నాక చెడిపోవచ్చు, కాదనదు. కానీ ఈయన చెడిపోవడం కూడా నోట్సు రాసుకుని మరీ చెడిపోతున్నాడు.

ఆయన కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీస్తాడు. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఆ వేళ్ళకి తెలిసిపోతుంది. అలాంటి మనిషి, వాళ్ళన్నయ్య పోయిన మూడో నెలలో ఒక సిగార్ పట్టుకొచ్చి బాల్కనీలో కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళు కాల్చింది అన్నయ్య. ఈయన అప్పటిదాకా అగ్గిపుల్ల కూడా సరిగ్గా గీసెరగడు.

"ఏంటండీ, చుట్టా?"

"సిగార్."

"చుట్టకి కోటు తొడిగితే సిగారా?"

ఇదివరకైతే మాటకి మాట అంటించేవాడు. ఇప్పుడు "ఊఁ" అని ఊరుకున్నాడు.

మొదటి నెలంతా అవస్థే. కొస మరీ లోపలికి కోసేసరికి ఆకు నోట్లోనే విడిపోయేది. పొగ గుండెల్లోకి లాగి దగ్గేవాడు. రైలింజనులా గబగబా పీల్చి, అది వేడెక్కి చేదు తిరిగితే సింకు దగ్గరికి పరిగెత్తేవాడు. ఆ తర్వాత నోట్సు మొదలైంది. టోపీలా ఉండే కొస మాత్రమే కోయాలి. మంట తగిలించకుండా సెగ చూపించి అంటించాలి. పొగ నోట్లోనే ఉంచి వదలాలి. నిమిషానికి ఒక్క పీల్పు. వాచీ విప్పి రెయిలింగు మీద పెట్టుకుని, ముల్లు చూసి పీల్చేవాడు. ఆరు నెలలు తిరిగేసరికి సన్నవి, తేలికవి దాటి బొటనవేలంత లావున్న నల్లవాటికి ఎదిగాడు.

ఎదిగితే ఎదిగాడు, కాస్త సుఖపడినా ఆమె సంతోషించేది. సిగార్ కాలుస్తున్న మొహమూ లిఫ్టు కోసం నిలబడ్డ మొహమూ ఒక్కలాగే ఉండేవి. ఆస్పత్రిలో ఏడవలేదు, ఇంటికొచ్చాకా ఏడవలేదు. పరీక్షిద్దామని మూడు రోజులు కూరలో ఉప్పు మానేసింది. మూడు రోజులూ తిని, చెయ్యి కడుక్కుని లేచాడు. నాలుగో రోజు తనకే తినబుద్ధి కాక ఉప్పు వేసింది.

కారణం ఆమెకి తెలుసు. తెలుసని ఆయనకి తెలీదు. ఆపరేషన్ ఇప్పుడైనా చేయించుకోవచ్చు, రెండు నెలలు మందులు వాడి చూడనూవచ్చు అన్నాడు డాక్టరు. అన్నయ్య ఆగుదామన్నాడు. "అన్నయ్యా, నీకు భయం, అంతే. గురువారానికి నేను పెట్టించేస్తున్నా," అని ఈయన ఫోన్లో అనడం, వంటింట్లో ఉన్న ఆమె చెవులారా వింది. గురువారం వెళ్ళిన అన్నయ్య ఆపరేషన్ బల్ల మీంచి లేవలేదు. అప్పట్నుంచీ ఎవరడిగినా ఈయన చెప్పేది ఒకటే మాట: "డాక్టరే తొందరపెట్టాడు." వదినకీ అదే చెప్పాడు. ఆవిడ నమ్మింది.

తొమ్మిదో నెలలో, ఒక ఆదివారం మధ్యాహ్నం, ఆ వదినే చెక్కపెట్టె చంకలో పెట్టుకుని వచ్చింది.

"నువ్వు కూడా మొదలెట్టావటగా, మరిదీ! ఇవి నాకెందుకు, పచ్చడి పెట్టుకోనా?"

"కూర్చో అక్కా," అని ఆమె తన తోడికోడలికి బాల్కనీలో కుర్చీ లాగింది.

పెట్టెలో పన్నెండు సిగార్లున్నాయి. అన్నయ్య ఒక్కటీ కాల్చలేదు. ఆయన ఒకటి తీసి వాసన చూశాడు, కోశాడు, సెగ చూపించాడు. అలవాటుగా వాచీ విప్పి రెయిలింగు మీద పెట్టాడు.

వదిన ఫక్కున నవ్వింది. "అదేంటి, మందుబిళ్ళా టైం చూసి వేసుకోడానికి? మీ అన్నయ్య బూడిద చూసేవాడయ్యా. దులపకుండా దానంతటదే రాలిపడేదాకా కూర్చునేవాడు."

ఆమె లేచి వాచీ తీసి తన కొంగున ముడేసింది. ఆయన పీల్చాడు, ఆగాడు. ఎంతసేపు ఆగాలో చెప్పేవాళ్ళు లేరు. బూడిద తెల్లగా, గట్టిగా అంగుళం సాగింది.

"మూత లోపల చీటీ ఉంది, చదవనా?" వదిన కళ్ళజోడు సర్దుకుంది. ఆ అద్దాలు ఈయన అరగదీసినవే. "'సోమవారం కొన్నాను. కొత్త సరుకు. రెండు నెలలు పెట్టెలో ఊరాలి. ఈలోపు ఆపరేషనో మందులో తేలిపోతుంది. మొదటిది తమ్ముడి చేత కాల్పించాలి, వాడికి తొందరెక్కువ.'" ఆవిడ చీటీ మడిచింది. "సోమవారం ఇంత నింపాదిగా రాసుకున్న మనిషిని గురువారానికే ఆ డాక్టరు..."

బూడిద విరిగి ఆయన చొక్కా మీద పడింది. దులుపుకోలేదు. ఆమె కొంగుముడి మీద చెయ్యి వేసుకుని కూర్చుంది.

"డాక్టరు కాదు వదినా," అన్నాడు. మళ్ళీ అన్నాడు, పక్క బాల్కనీలోకి కూడా వినపడేలా. "నేను. అన్నయ్య ఆగుదామన్నాడు. నేనే ఆగనివ్వలేదు. నాది తప్పు వదినా."